పళ్ళెం పక్కన పది అంకెలు

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

శీర్షిక చూసి ఇదేదో లెక్కల వ్యాసమని పుట తిప్పెయ్యకండి. ఇది తిండి గురించి. జపాను దేశంలో ‘యాకినికు’ అనే భోజనం గురించి, ఆ భోజనం పెట్టే ఖరీదైన హోటళ్ళ గురించి. రైతుబిడ్డవు, నీకు ఖరీదైన హోటళ్ళ గొడవ ఎందుకయ్యా అని సంపాదక మిత్రులు ముందే అడిగారు. వారికి చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను. తలకు పదివేల యెన్‌లు, అంటే మన డబ్బులో ఐదారు వేల రూపాయలు, ఆ పైన కూడా పుచ్చుకునే ఆ హోటళ్ళలో నాకు గొప్పగా కనిపించింది మాంసం కాదు. ఆ మాంసం పక్కన వ్రాసి పెట్టిన పది అంకెల సంఖ్య. అలాంటి సంఖ్య మన అన్నం పళ్ళేనికి ఎందుకు లేదన్నదే ఈ వ్యాసం.

ముందు సంగతేమిటో చెప్పాలి. యాకి అంటే కాల్చడం, నికు అంటే మాంసం. మాటకు అర్థం అంతే. బల్ల నడుమ ఒక గుంట, అందులో బొగ్గుల కుంపటి, దానిపైన ఇనప జల్లెడ. పలచగా కోసిన పచ్చి ముక్కలు పళ్ళేల్లో వస్తాయి. ఎవరి ముక్క వారు పట్టకారుతో వేసుకుని, కాల్చుకుని తినాలి. ముందు ఉప్పూ నిమ్మరసంతో తినే ముక్కలు, తరవాత సోయా, వెల్లుల్లి, నువ్వుల నూనె కలిపిన తియ్యటి రసంలో నానినవి. వరస మార్చితే ఆ రసంలోని చక్కెర మాడి జల్లెడకు అంటుకుంటుంది. పచ్చి ముక్కను తాకిన పట్టకారుతో తినకూడదు, తినడానికి పుల్లలు వేరే. ఇది ఉత్త మర్యాద కాదు. 2011లో ఒక హోటళ్ళ సంస్థలో పచ్చి మాంసం తిని అయిదుగురు చనిపోయారు. ఆ తరవాత నిబంధనలు బిగించారు. 2012 జులై నుంచి పచ్చి కాలేయం వడ్డించడమే నిషేధం.

ఇందులో మన సైన్సువాళ్ళకు కావలసినంత పాఠం ఉంది. ముక్క మీద పడే గోధుమరంగు, ఆ కమ్మటి వాసన, 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ వివరించిన చర్య వల్ల వస్తాయి. వేడికి అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి జరిపే రసాయన నాటకం అది. మన ఇళ్ళల్లో దోసె ఎర్రబడేదీ దానివల్లే. మంచి హోటళ్ళలో ‘బించోతాన్’ అనే గట్టి బొగ్గు వాడతారు. వకయామా ప్రాంతంలో ఒక జాతి ఓక్ కర్రను కాల్చి చేస్తారు. పొగ తక్కువ, వేడి ఎక్కువ, చాలాసేపు నిలుస్తుంది. పొగను జల్లెడ అంచునుంచే కిందికి లాగేసే పొయ్యిలు 1980ల్లో వ్యాపించాక, అంతకుముందు పొగచూరిన కూలీల అడ్డాల్లాంటి ఈ హోటళ్ళు పెళ్ళాం పిల్లలతో వెళ్ళే చోట్లయ్యాయి. కొన్ని మరీ ఖరీదైనవీ అయ్యాయి.

నిరుడు వేసవి సెలవుల్లో టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా బావ దగ్గరికి వెళ్ళాను. టిక్కెట్టు డబ్బులు ఆయనవే. ఒకరోజు రాత్రి తన ఆఫీసు స్నేహితులిద్దరితో కలిసి నన్ను ఇలాంటి హోటలుకి తీసుకెళ్ళాడు. మా ఇంట్లో గొడ్డు మాంసం తినరు. ఆ సంగతి చెబితే హోటలువాళ్ళు ముఖం చిట్లించలేదు. ఇంకో చిన్న కుంపటి తెచ్చి, నాకు కోడిమాంసం, రొయ్యలు, పుట్టగొడుగులు, గుమ్మడి ముక్కలు పెట్టారు. కాబట్టి ఆ ఖరీదైన ముక్క రుచికి నేను సాక్షిని కాను. మా బావ ఏం తిన్నాడో ఇక్కడ వ్రాయను, మా అక్క ఈ సంచిక చదువుతుంది. ఒకటి మాత్రం చూశాను. ఎదురుగా కూర్చున్న జపాను మిత్రుడు ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

బల్ల చివర చిన్న చెక్క పలక, దానిమీద నల్ల సిరాతో పది అంకెలు.

“ఏరా సైంటిస్టూ, ఆ నంబరు నీ ఫోన్లో కొట్టి చూడు” అన్నాడు బావ.

“ఏంటి బావా, బిల్లు నంబరా?”

“బిల్లుకి అన్ని అంకెలుంటే నేనిక్కడికి వస్తానా? ఎద్దు నంబరు రా.”

కొట్టాను. వచ్చింది జపాను భాషలో ఉంటే బావ చదివి చెప్పాడు. పుట్టిన తేదీ. జాతి. తల్లి ఆవు నంబరు. పుట్టింది కగోషిమాలో. తొమ్మిది నెలల వయసులో సాగాకు మారింది. ముప్ఫై నెలలకు కబేళా చేరిన తేదీ. మన ఊళ్ళో మనుషులకే పుట్టిన తేదీలు బడిలో అయ్యవారు వేసినవి. అక్కడ ఎద్దుకు తల్లితో సహా జాతకం ఉంది!

జపానువాళ్ళు సహజంగానే నిజాయితీపరులు, అందుకే అలా చేస్తారు అని కొందరు మురిసిపోతారు. అది నిజం కాదు. ఈ సంఖ్య మంచితనం వల్ల పుట్టలేదు, భయం వల్ల పుట్టింది. 2001 సెప్టెంబరులో జపానులో మొదటిసారి ‘పిచ్చి ఆవు’ వ్యాధి బయటపడింది. జనం ఆ మాంసం మానేశారు, ఈ హోటళ్ళు వెలవెలబోయాయి. దిక్కుతోచని రైతుల కోసం ప్రభుత్వం స్వదేశీ మాంసాన్ని కొనుగోలు చేసే పథకం పెడితే, 2002లో కొన్ని కంపెనీలు విదేశీ మాంసాన్ని స్వదేశీ పెట్టెల్లోకి మార్చి సొమ్ము చేసుకుంటూ దొరికిపోయాయి. రోగం ఒక దెబ్బ, దొంగతనం ఇంకో దెబ్బ. అప్పుడు 2003లో చట్టం చేశారు. దేశంలో పుట్టిన ప్రతి దూడకూ రెండు చెవులకూ పది అంకెల బిళ్ళ. అది కబేళాకు వెళ్ళినా, ముక్కలైనా, కొట్టుకు చేరినా ఆ సంఖ్య వెంట ఉండాలి. 2004 డిసెంబరు నుంచి ఈ యాకినికు హోటళ్ళు కూడా దాన్ని తినేవాడికి చూపించి తీరాలి. సుమారు 40 లక్షల పశువులున్న దేశం ఈ పని చేసింది.

ఇక నన్ను కదిలించిన రెండో సంగతి. ఆ పళ్ళెంలోకి వచ్చేది ఏ జంతువు? ‘వాగ్యూ’ అని ప్రపంచమంతా లొట్టలు వేసే ఆ నల్ల పశువు ఒకప్పుడు వరిమళ్ళలో నాగలి లాగిన ఎద్దే! క్రీ.శ. 675లో తెన్ము చక్రవర్తి పశువు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలు తినరాదని శాసనం చేశాడు. ఏ కాలంలో? నాలుగో నెల నుంచి తొమ్మిదో నెల దాకా. సరిగ్గా సేద్యపు కాలం. ఆ శాసనం వెనుక బౌద్ధం ఉందని చరిత్రకారులంటారు. రైతుబిడ్డనైన నాకు మాత్రం దాని వెనుక కాడి కూడా కనిపిస్తుంది. ఆ తరవాత శతాబ్దాల తరబడి అక్కడ ఎద్దును తినడం మామూలు సంగతి కాలేదు. మెయిజీ చక్రవర్తి 1872లో స్వయంగా ఆ మాంసం తిని, ఆ సంగతి జనానికి తెలిసేలా చేశాకే పాశ్చాత్య నాగరికత పేరుతో తలుపులు తెరుచుకున్నాయి.

బల్ల మీద కాల్చుకు తినే పద్ధతి మాత్రం చక్రవర్తులు ఇచ్చింది కాదు. దాన్ని ఈనాటి రూపానికి తెచ్చినవారు జపానులో స్థిరపడ్డ కొరియావాళ్ళు. వలస పాలనలో వచ్చినవారు, యుద్ధం తరవాత బతుకుతెరువు లేక, ఇతరులు పారేసే పేగులూ లోపలి భాగాలూ మసాలా పట్టించి కాల్చి అమ్మారు. ఈనాటికీ ఆ హోటళ్ళ జాబితాలో కల్బి, కిమ్చి, నాముల్ అనే కొరియా మాటలే ఉంటాయి. పేదవాడి పొయ్యి మీద పుట్టిన వంట, గొప్పవాడి బల్ల మీదికి ఎక్కాక పుట్టిల్లు మరిచిపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. మన జొన్నరొట్టె ఇప్పుడు పట్నం హోటళ్ళలో ఎంత పలుకుతోందో చూడండి!

1950, 60 దశకాల్లో జపాను పొలాల్లోకి చిన్న చిన్న దున్నే యంత్రాలు వచ్చాయి. ఎద్దుకు పని పోయింది. పని పోయిన ఎద్దును మాంసానికి మళ్ళించారు. 1991లో విదేశీ మాంసం దిగుమతిపై కోటాలు ఎత్తేశాక, చౌకగా వచ్చే ఆ మాంసంతో పోటీ పడలేక, అక్కడి రైతులు కండలో సన్నటి కొవ్వు నరాలు ఎక్కువుండే పశువు మీదే ఆశ పెట్టుకున్నారు. దానికి పరీక్షలు, మార్కులు ఉన్నాయి. ఆరో ఏడో పక్కటెముకల నడుమ కోసి చూసి, మాంసం దిగుబడికి ఎ, బి, సి అనీ, నాణ్యతకు 1 నుంచి 5 అనీ వేస్తారు. కొవ్వు నరాలు, మాంసం రంగు, గట్టిదనం, కొవ్వు రంగు అనే నాలుగు పేపర్లు. నాలుగింట్లో ఏది తక్కువైతే అదే ఫలితం. మన యూనివర్సిటీవాళ్ళకు ఈ పద్ధతి తెలియకపోవడం మన అదృష్టం. ‘ఎ5’ అని హోటలు బయట బోర్డు పెడతారే, అది ఈ ఫలితమే.

ఆ మార్కుల కోసం ఎద్దుకు బీరు పట్టిస్తారనీ, ఒళ్ళు పడతారనీ మనవాళ్ళు కథలు చెబుతారు. అది అందరూ చేసే పని కాదు. అందరూ చేసేది వేరు, అది ఎవరూ బోర్డు మీద వ్రాయరు. దూడను తొమ్మిది పది నెలలకు వేలంలో కొని, చావిట్లోనే కట్టి, ఇరవై నెలల పాటు దాణా, వరిగడ్డి పెట్టి మేపుతారు. విటమిన్ ఎ ఎక్కువైతే కండలో కొవ్వు సరిగా పట్టదు కనుక, నడుమ కొన్ని నెలలు పచ్చిమేత తగ్గిస్తారు. హద్దు మీరితే పశువుకు చూపు పోతుంది. పచ్చగడ్డి మోపు చూడగానే మెడ చాచే ఎద్దుల మధ్య పెరిగినవాణ్ణి, ఈ సంగతి చదివినప్పుడు నాకు మనసు పట్టలేదు. ‘ఎ5’ అనే రెండు అక్షరాల ముందు చేతులు కట్టుకు నిలబడేవారు ఈ వాక్యం కూడా తెలుసుకోవాలి.

అయినా వారిని దుయ్యబట్టే అర్హత మనకుందా? మా పల్నాడులో కనుమ నాడు ఎద్దుల కొమ్ములకు రంగులు వేస్తాం. ఏరువాకనాడు బొట్టుపెట్టి దణ్ణం పెడతాం. బండలాగుడు పందేల్లో గెలిచిన ఎద్దును ఊరేగిస్తాం. అరక లాగలేని ముసలి ఎద్దును సంతలో అమ్మి, పలుపు విప్పుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి వస్తాం. అది తరవాత ఎక్కడికి పోయిందో ఎవరూ అడగరు. ట్రాక్టరు వచ్చాక ముసలితనం దాకా కూడా ఆగడం లేదు. మన ఒంగోలు జాతి ఇక్కడ తరిగిపోతుంటే, మనం నెల్లూరు అన్న మాటనే ‘నెలోరే’ అని పిలుచుకుంటూ బ్రెజిల్‌వాళ్ళు ఆ జాతితోనే తమ మాంసం వ్యాపారం నిలబెట్టుకున్నారు. జపానులో చాలా కబేళాల దగ్గర పశువుల ఆత్మశాంతికి రాతి స్తంభాలున్నాయి, ఏటా అక్కడ సంస్మరణ జరుపుతారు. వాళ్ళు చంపిన దాన్ని తలుచుకుంటారు. మనం మొక్కిన దాన్ని మరిచిపోతాం. ఏది ఎక్కువ పాపమో పెద్దలే తేల్చాలి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎవరు ఏం తినాలి అన్నది నా విషయం కాదు. ఆ మాంసం తినే ఇళ్ళ మిత్రులు మన హాస్టల్లోనే ఉన్నారు, వారి పళ్ళెం వారిది. పళ్ళెంలో ఏముంది అన్న దాని మీద మన దేశంలో కావలసినన్ని కొట్లాటలు జరిగాయి. పళ్ళెంలోకి ఎవరి చేతినుంచి వచ్చింది అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యడం లేదు.

మన పశువులకూ నంబరు లేకపోలేదు. ఊళ్ళో గొడ్ల చెవులకు పసుపుపచ్చ బిళ్ళలు చూశారా? వాటి మీద 12 అంకెలుంటాయి, జపాను కంటే రెండెక్కువే! టీకాలు వేసినప్పుడు, ఇన్సూరెన్సు చేసినప్పుడు వాటిని నమోదు చేస్తారు. కానీ ఆ నంబరు చావిడి దాటి మన పాల గ్లాసు దాకా రాదు. గుంటూరు సన్నం మిర్చికీ, బనగానపల్లె మామిడికీ, తాండూరు కందిపప్పుకీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ అది నేలకు వచ్చిన పేరు, ఆ నేల దున్నినవాడికి వచ్చిన పేరు కాదు. మా నాన్న కళ్ళంలో ఎండబెట్టి, తాలుకాయ ఏరి, టిక్కీలు తొక్కించి యార్డుకి తోలుతాడు. టిక్కీ మీద కొట్టు గుర్తు పడుతుంది. అంతటితో నాన్న పేరు ఆఖరు. ఆ కారం ఏ ఊళ్ళో ఏ పచ్చట్లో కలిసిందో ఆయనకు తెలియదు. ఆ పచ్చడి తిన్నవాడికి నాన్న తెలియడు. అందుకే ధర పడిపోయినప్పుడు పట్నంలో ఎవరికీ నొప్పి పుట్టదు. తెలియని మనిషి కోసం ఎవరు బాధపడతారు?

సంఖ్య ఒక్కటే రైతును బతికిస్తుందా అంటే, బతికించదు. జపానే అందుకు సాక్ష్యం. అంత ఖరీదు పలికే మాంసం ఉన్న ఆ దేశంలో సేద్యం చేసేవారి సగటు వయసు 68కి అటూ ఇటూగా ఉంది. దాణాకు వేసే మొక్కజొన్న చాలావరకు అమెరికా, బ్రెజిల్ ఓడల్లో రావాలి. దాణా ధర పెరిగితే మేపేవాడు కుంగిపోతాడు, దూడ ధర పడితే తల్లి ఆవును సాకే చిన్న రైతు కుంగిపోతాడు. నేను చూసిన జాతకంలో పుట్టిన తేదీ ఉంది, చచ్చిన తేదీ ఉంది. ఆ దూడ పుట్టినింటివారికి ఎన్ని యెన్‌లు ముట్టాయో లేదు. కాబట్టి జపానును గుడ్డిగా కాపీ కొట్టమని నేననడం లేదు. వాళ్ళు ఆగినచోటి నుంచి మనం ఇంకో అడుగు వెయ్యాలి. ఎక్కడ పండింది అన్న దాని పక్కనే, పండించినవాడికి ఎంత ముట్టింది అన్నది కూడా వ్రాయాలి.

ఇదంతా ప్రభుత్వం చెయ్యాల్సిన పని, మనమేం చేస్తాం అని చేతులు దులుపుకోవద్దు. మన యూనియన్‌కు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మన హాస్టల్ మెస్ గుమ్మం దగ్గర ఒక నల్లబల్ల పెడదాం. రోజుకు ఒక్క సరుకు చాలు. ఇవాళ బియ్యం: ఏ జిల్లాది, ఏ మిల్లుది, అక్కడ ధాన్యం బస్తా రైతుకు ఎంతకు పోయింది, మనం కిలో ఎంతకు కొన్నాం. రేపు ఉల్లిపాయ. ఎల్లుండి పాలు. మెస్ కమిటీలో ఎలాగూ ఇద్దరు విద్యార్థులున్నారు. అడిగి వ్రాయడానికి పావుగంట పని.

“మన సాంబార్లో పప్పు వెతకడమే కష్టంగా ఉంటే అందులో రైతును ఎక్కడ వెతుకుతావురా” అని నా రూంమేటు నవ్వాడు. నవ్వదగిన మాటే. కంట్రాక్టరుకు తెలియదు, కొట్టువాడు చెప్పడు, మిల్లువాడు పది ఊళ్ళ ధాన్యం కలిపేస్తాడు. నిజమే. ఏ సరుకు దగ్గర సమాధానం దొరకలేదో, ఆ రోజు బల్ల మీద ‘తెలియదు’ అని వ్రాద్దాం. నెల తిరిగేసరికి ఆ బల్ల మీద ‘తెలియదు’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే, మన వ్యవసాయ ఆర్థికశాస్త్రం సగం అర్థమవుతుంది. జపానులోనూ 2001లో ‘తెలియదు’ అన్న మాటతోనే మొదలైంది.

ఎద్దు ఏడ్చిన వ్యవసాయం, రైతు ఏడ్చిన రాజ్యం బాగుపడవని మన పెద్దల మాట. ఏడుపు వినబడాలంటే ముందు ఏడ్చేవాడెవరో తెలియాలి. మన కాలేజీలో చదువుకునేవారిలో ఎంతోమంది పొలాల నుంచి వచ్చినవారే. రేపు ఉద్యోగాలొచ్చి, కొనేవారి వైపు బల్ల దగ్గర కూర్చోబోయేదీ మనమే. అక్కడ కూర్చున్నాక ఇవతలి వైపు మరిచిపోవడం చాలా సుళువు. నల్లబల్లకు సుద్దముక్కలు నేను తెస్తాను. మొదటి రోజు ఏ సరుకుతో మొదలుపెడదామో యూనియన్ సర్వసభ్య సమావేశంలో మీరు చెప్పండి.